కిందికి దించిన క్లాసిక్ స్పోర్ట్స్ కారుకు రైడ్ హైట్ సెట్ చేయడం: మొదటి కొలత నుంచి చివరి బోల్టు దాకా

పొట్టి స్ప్రింగులు వేయించాక కారు ఒక పక్కకు ఒరిగిందనీ, చిన్న గతుక్కే కింద నుంచి దభీమని మోత వస్తోందనీ, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటోందనీ పాఠకులు అడుగుతూనే ఉన్నారు. వీటిలో చాలావాటికి కారణం స్ప్రింగు కాదు. కొలవకుండా దించడం, దించాక బుష్‌ల (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు ముక్కల) బోల్టులు వదులు చేయకపోవడం, పనుల వరుస తప్పడం. ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది.

రైడ్ హైట్ అంటే కారు నేల మీద నిలిచినప్పుడు చాసిస్ ఉండే ఎత్తు. ఇక్కడ చెప్పే వరుస కాయిలోవర్లు (షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు ఉండి, మర రింగుతో ఎత్తు మార్చగలిగేవి), టార్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉన్న పాత కార్లన్నిటికీ పనికొస్తుంది. మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్ పక్కన పెట్టుకోండి. టార్క్ (బోల్టు బిగించాల్సిన బలం) అంకెలు, అలైన్‌మెంట్ అంకెలు దాంట్లోవే వాడాలి.

## 1. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి

చాలామంది నేల నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి చూస్తారు. టైరు అరిగినా, గాలి తగ్గినా ఆ అంకె మారిపోతుంది. పైగా నలభై యాభై ఏళ్ల కారులో మడ్‌గార్డులు కనీసం ఒకసారైనా కోసి, అతికి, పుట్టీ పెట్టినవే అయి ఉంటాయి. ఎడమ అంచుకూ కుడి అంచుకూ 8–10 మి.మీ. తేడా ఉంటే ఆశ్చర్యం లేదు. అలాంటి అంచులను సమం చేయబోతే చాసిస్ ఒరుగుతుంది.

అందుకే రెండు కొలతలు రాసుకోండి.

మొదటిది, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా. టైరుతో సంబంధం లేదు, నిమిషంలో తీసుకోవచ్చు. పని జరుగుతున్నంతసేపూ మార్పును గమనించడానికి ఇది చాలు. ఎడమ కుడి సమానమని తేల్చడానికి మాత్రం దీన్ని నమ్మొద్దు.

రెండోది, నేల నుంచి చాసిస్‌పై ఉన్న సస్పెన్షన్ బిందువు దాకా. ముందు వైపు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని చాసిస్‌కు కలిపే కింది చేయి) లోపలి బోల్టు మధ్య. వెనక వైపు ట్రెయిలింగ్ ఆర్మ్ ఇరుసు బోల్టు గానీ, కమాన్ కట్ట ముందు కన్ను బోల్టు గానీ. తుది నిర్ణయం ఈ కొలతదే.

టార్షన్ బార్లున్న పాత పోర్షా 911 మాన్యువల్ ఇంకా మెరుగైన పద్ధతి చెబుతుంది. చక్రం మధ్య ఎత్తుకూ టార్షన్ బార్ మధ్య ఎత్తుకూ ఉన్న తేడానే అక్కడ రైడ్ హైట్. ఏ సైజు టైరు వేసినా ఆ తేడా మారదు. మీ కారు ఏదైనా సరే, లోయర్ ఆర్మ్ లోపలి బోల్టుతో ఇదే లెక్క కట్టుకోవచ్చు.

ఇంకో మాట. "కంపెనీ ఎత్తు కన్నా ఇంత దించాను" అనే ముందు ఏ ఏడాది కంపెనీ ఎత్తో చూసుకోండి. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు 1974లో రబ్బరు బంపర్లు వచ్చినప్పుడు కారునే పైకి లేపారు. క్రోమ్ బంపర్ కారు అంకెను రబ్బరు బంపర్ కారుకు పట్టుకొస్తే లెక్కంతా తప్పుతుంది.

## 2. ఎంత దించాలో ముందే తేల్చుకోండి

ఎంత దించితే అందంగా ఉంటుందన్నది ఒక ప్రశ్న. ఎంత దించితే చక్రానికి పైకి కదలడానికి చోటు మిగులుతుందన్నది ఇంకో ప్రశ్న. ముందు రెండోదానికి జవాబు కావాలి.

పైకి కదలిక కొలవడం

1. కారును స్టాండ్లపై గట్టిగా నిలపండి. ఒక మూల స్ప్రింగు తీసేసి, షాక్ అబ్జార్బర్, బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మె) మాత్రం తిరిగి బిగించండి.
2. చక్రం వేసి, ఆర్మ్ కింద జాకీ పెట్టి మెల్లగా పైకి లేపండి. బంప్ స్టాప్ తాకిన చోట ఆపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలవండి.
3. మీరు అనుకుంటున్న రైడ్ హైట్ దగ్గరి కొలతలోంచి దీన్ని తీసేయండి. మిగిలిందే మీకున్న పైకి కదలిక.

ఉదాహరణకు రైడ్ హైట్ వద్ద 340 మి.మీ., స్టాప్ తాకినప్పుడు 285 మి.మీ. అయితే 55 మి.మీ. ఉన్నట్టు. రోడ్డు మీద తిరిగే కారుకు 50 మి.మీ. కన్నా తగ్గించొద్దని మా సలహా. 40 కన్నా తగ్గితే కారు స్ప్రింగుల మీద కాక బంప్ స్టాపుల మీద నడుస్తుంది. మలుపు మధ్యలో స్టాప్ తాకితే ఆ చక్రం ఒక్కసారిగా బిగుసుకుని పట్టు వదులుతుంది.

ఆ స్థితిలోనే స్టాపును ఇంకాస్త నొక్కేలా జాకీ లేపి ఇవి చూడండి:

- స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా టైరు ఎక్కడా తగలకూడదు.
- స్టాప్ బాగా నొక్కుకున్నాక కూడా షాక్ లోపల కొద్దిగా కదలిక మిగలాలి. స్టాప్ కన్నా ముందు షాక్ ముగిసిపోతే దాని వాల్వులు, పై మౌంట్ దెబ్బతింటాయి.
- బ్రేకు హోసు నలగకూడదు, డ్రైవ్ షాఫ్టు సొరంగానికి తగలకూడదు, ఎగ్జాస్టు ఇరుసుకు తగలకూడదు.

తర్వాత చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడదీయండి. స్ప్రింగు పెట్టి చూసినప్పుడు అది తన సీటులోనే బిగుతుగా ఉండాలి. చేత్తో కదిలితే గతుకు దాటగానే సీటు తప్పుతుంది. అప్పుడు హెల్పర్ స్ప్రింగు (అసలు స్ప్రింగును సీటులో నిలిపే చిన్న మెత్తని స్ప్రింగు) గానీ, పొట్టి షాక్ గానీ కావాలి.

లోయర్ ఆర్మ్ వాలు

దించడానికి అసలు హద్దు ఇక్కడుంది. ఆర్మ్ బయటి కొస, అంటే బాల్ జాయింటు, లోపలి బోల్టు కన్నా కాస్త కిందగా గానీ సమంగా గానీ ఉండాలి. బయటి కొస పైకి పోయిందంటే మరీ దించేశారన్నమాట.

మాక్‌ఫర్సన్ స్ట్రట్లున్న (షాకే చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే అమరిక) డాట్సన్ 240జెడ్ లాంటి కార్లలో దీని దెబ్బ ఎక్కువ. కారు ఒక అంగుళం దిగితే రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) అంతకన్నా ఎక్కువ దిగుతుంది. బరువు కేంద్రానికీ దానికీ దూరం పెరిగి, గట్టి స్ప్రింగులు వేసినా కారు మలుపులో ముందుకన్నా ఎక్కువ ఒరుగుతుంది. ఇంకా దించాల్సిందే అనుకుంటే స్ట్రట్ అడుగుకూ స్టీరింగ్ ఆర్మ్‌కూ మధ్య రోల్ సెంటర్ స్పేసర్లు వేయాలి. లేదంటే 15 మి.మీ. పైకి లేపుకోవడమే మంచి పని.

## 3. నేల, సామాను

నేల సమంగా లేకపోతే ఇక్కడి నుంచి చేసేదంతా వృథా. ఒక చక్రం కింద నేల 5 మి.మీ. పల్లంగా ఉందంటే ఆ మూల ఎత్తును 5 మి.మీ. తప్పుగా పెట్టినంత పని.

తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపు దీనికి చక్కగా సరిపోతుంది. పారదర్శకమైన గొట్టంలో నీళ్లు పోసి, బుడగలు లేకుండా చూసుకుని, నాలుగు చక్రాలు నిలిచే చోట్ల నీటిమట్టం నుంచి నేల దాకా కొలవండి. పల్లంగా ఉన్నచోట వినైల్ పలకలు, ప్లైవుడ్ ముక్కలు పేర్చి నాలుగూ 2 మి.మీ. లోపు తేడాకు తీసుకురండి. ఆ చోట్లను రంగుతో గుర్తు పెట్టండి. కారు ప్రతిసారీ అక్కడికే రావాలి.

కావలసినవి:

- స్టీలు టేపు, మీటరు స్టీలు స్కేలు, డిజిటల్ కోణమానిని
- ట్రాలీ జాకీ, నాలుగు స్టాండ్లు, చక్రాలకు అడ్డుదిమ్మెలు
- సీ స్పానర్లు, టార్క్ రెంచ్, వైర్ బ్రష్, తుప్పు వదిలించే నూనె
- ప్రతి చక్రం కింద రెండేసి నున్నటి రేకులు, వాటి మధ్య రాయడానికి గ్రీజు
- డ్రైవరు బరువుకు సరిపడా ఇసుక సంచులు
- వీలైతే నాలుగు చక్రాల తూకం యంత్రం

జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. స్ప్రింగు నొక్కే కంప్రెసర్ మరలు అరిగి ఉంటే దాన్ని పక్కన పడేయండి.

## 4. కొలవడానికి కారును సిద్ధం చేయడం

- టైర్లు నాలుగూ చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచూడాలి. ఒకే ఇరుసుపై రెండూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి.
- పెట్రోలు సగం ట్యాంకు.
- స్టెప్నీ, టూల్స్ తమ చోట, మిగతా సామానంతా బయట.
- సీటులో డ్రైవరు బరువు. కారులో ఎప్పుడూ ఇద్దరు తిరిగేట్టయితే రెండు సీట్లలోనూ.
- బాల్ జాయింట్లు, చక్రాల బేరింగులు, బుష్‌లు లూజు లేకుండా ఉండాలి. లూజున్న కారుకు ఎత్తు సెట్ చేస్తే రెండు వారాల్లో మారిపోతుంది.
- యాంటీ రోల్ బార్ (ఎడమ కుడి చక్రాలను కలిపి ఒరుగుడు తగ్గించే కడ్డీ) లింకు ముందొకటి, వెనకొకటి విప్పేయాలి.

చివరిది చాలామంది వదిలేస్తారు. బార్ కట్టి ఉండగా ఒక మూలను మారిస్తే అది మెలిపడి, రెండో మూలను కూడా లాగుతుంది. మీరు కొలిచేది స్ప్రింగును కాదు, బార్ మెలికను.

బుష్‌ల బోల్టులు వదులు చేయండి

ఈ ఒక్క పనికి ఓపిక పడితే సగం సమస్యలు అసలు పుట్టవు. పాత కార్ల ఆర్మ్‌లలో ఉండే రబ్బరు బుష్ లోపల ఒక స్టీలు గొట్టం ఉంటుంది. రబ్బరు దానికి అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే ఆ గొట్టం చాసిస్‌కు పట్టేస్తుంది. ఆ తర్వాత ఆర్మ్ కదిలితే గొట్టం తిరగదు, రబ్బరే మెలిపడుతుంది.

చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఈ బోల్టు బిగించారనుకోండి. కారు నేల మీదికి దిగేసరికి రబ్బరు అప్పటికే బాగా మెలిపడి ఉంటుంది. అది అదనపు స్ప్రింగులా కారును పైకి తోస్తుంది. ఎత్తు ఎక్కువుందని మీరు సీటు ఇంకా దించుతారు. కొన్నాళ్లకు రబ్బరు చిరిగి, ఆ మూల ఒక్కసారిగా దిగిపోతుంది. మళ్లీ స్ప్రింగుదే తప్పంటారు.

కాబట్టి ఎత్తు సెట్ చేసేటంతసేపూ ఈ బోల్టులన్నీ చేత్తో బిగించినంత బిగువులోనే ఉండాలి. కమాన్ కట్టల కన్ను బోల్టులు, షాకిల్ (కట్ట వెనక కొసను చాసిస్‌కు కలిపే ఊగే లింకు) బోల్టులు, కింది షాక్ కన్ను బోల్టులు కూడా ఇందులోవే. స్వేచ్ఛగా తిరిగే పాలియురెథేన్ బుష్‌లకూ రోజ్ జాయింట్లకూ (రబ్బరు లేని లోహపు కీళ్లు) ఈ బాధ లేదు.

## 5. కారును కుదురుకోనివ్వండి

జాకీ దించగానే కొలిస్తే ఆ అంకె తప్పు. గాల్లో వేలాడిన చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. కిందికి దిగినప్పుడు టైర్లు నేలను పట్టుకుని బయటికి జారలేవు. కారు 10–20 మి.మీ. ఎత్తుగా నిలిచిపోతుంది. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి స్వింగ్ యాక్సిల్ (చక్రంతోపాటు సగం ఇరుసు కూడా ఊగే) కార్లలో వెనక భాగం ఇంకా ఎక్కువ.

1. కారును కనీసం 3 మీటర్లు వెనక్కి, ముందుకు తోసి మళ్లీ గుర్తుల మీదికి తీసుకురండి. చోటు లేకపోతే గ్రీజు రాసిన జంట రేకుల మీదికి దించండి.
2. ముందూ వెనకా బంపర్ దగ్గర బాడీని నాలుగైదు సార్లు నొక్కి వదలండి.
3. చివరిసారి నొక్కి మెల్లగా వదిలి కొలవండి. ఈసారి పైకి లాగి మెల్లగా వదిలి కొలవండి. రెండింటి సగటే మీ అంకె.

ఈ రెండింటికీ తేడా 5 మి.మీ. దాటితే ఎక్కడో పట్టేస్తోంది. బిగుసుకున్న బాల్ జాయింటు, వంగిన షాక్ రాడ్డు, తుప్పు పట్టిన షాకిల్. ముందు అది బాగు చేయాలి.

## 6. ఎత్తు మార్చడం

### 6.1 మరలున్న షాక్‌లు, కాయిలోవర్లు

మరలను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, నూనె పట్టించి, చక్రం మీద బరువు లేనప్పుడే రింగు తిప్పండి. ఇసుక రేణువు పడ్డ మర మీద బరువుతో తిప్పితే అల్యూమినియం మర ఊడి వస్తుంది.

ఒక చుట్టుకు చక్రం దగ్గర ఎంత మారుతుందో ముందే తెలుసుకోవచ్చు. స్ప్రింగు తీసి ఉన్నప్పుడు చక్రాన్ని 50 మి.మీ. లేపి, షాక్ ఎంత పొట్టిబారిందో చూడండి. 30 మి.మీ. తగ్గితే నిష్పత్తి 0.6. మర పిచ్ (ఒక చుట్టుకు రింగు కదిలే దూరం) 2 మి.మీ. అయితే ఒక చుట్టుకు చక్రం దగ్గర మార్పు 2 ÷ 0.6, అంటే సుమారు 3.3 మి.మీ. పది మి.మీ. దించాలంటే మూడు చుట్లు. స్ట్రట్ కార్లలో నిష్పత్తి 1కి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒక చుట్టు అంటే దాదాపు పిచ్ అంతే.

మొదట ఎడమ కుడి రింగులను ఒకే చోట పెట్టి మొదలుపెట్టండి. ప్రతి మార్పునూ చుట్లలో రాసుకోండి. రింగు మీద రంగు చుక్క పెడితే లెక్క తప్పదు.

ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచడం) పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందన్న మాట పట్టించుకోకండి. సాధారణ కాయిల్ స్ప్రింగు మీద కారు బరువు పడ్డాక దాని గట్టిదనం మారదు. పైకి తిప్పితే కారు లేస్తుంది, అంతే. కింది మౌంట్ విడిగా తిరిగే రకమైతే ఎత్తును దానితోనే మార్చండి. అప్పుడు షాక్ కదలిక అలాగే మిగులుతుంది.

### 6.2 టార్షన్ బార్లు

ముందు బార్లకు సర్దుబాటు మర ఉంటే పని సులువు. జాకీతో బరువు తీసేసి, కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ కారును కుదురుకోనిచ్చి కొలవాలి. మర చివరిదాకా వచ్చేసినా ఎత్తు చాలకపోతే ఇంకా బిగించొద్దు. మరను మధ్యకు తెచ్చుకుని, లివర్‌ను ఒక పన్ను మార్చి మళ్లీ మొదలుపెట్టాలి.

వెనక బార్లకు పళ్ల లెక్క కావాలి. పాత 911 వెనక బార్‌కు లోపలి కొసన 40 పళ్లు, బయటి కొసన 44 పళ్లు. లోపలి పన్ను ఒకటి అంటే 9 డిగ్రీలు, బయటిది 8.18. లోపల ఒక పన్ను ఒకవైపుకు, బయట ఒక పన్ను ఎదురువైపుకు తిప్పితే మిగిలే మార్పు 0.82 డిగ్రీ. బార్ మధ్య నుంచి చక్రం మధ్య దాకా ఉన్న దూరాన్ని 0.0143తో గుణిస్తే ఎత్తు మార్పు వస్తుంది. ఆ దూరం 420 మి.మీ. అయితే సుమారు 6 మి.మీ.

విప్పే ముందు స్ప్రింగ్ ప్లేటు వేలాడే కోణాన్ని కోణమానినితో రెండు వైపులా రాసుకోండి. కోణాన్ని నేలతో కాదు, బాడీ సిల్‌తో పోల్చాలి. కారు స్టాండ్ల మీద కాస్త వాలి ఉంటే నేల లెక్క తప్పిస్తుంది.

రెండు జాగ్రత్తలు. స్ప్రింగ్ ప్లేటు ఆనుకున్న అంచు నుంచి తప్పుకున్నప్పుడు బలంగా కిందికి కొడుతుంది. దాని కింద జాకీ పెట్టి మెల్లగా దించండి, వేళ్లు పెట్టొద్దు. ఇక ఈ బార్లకు ఎడమ కుడి గుర్తులుంటాయి, మార్చి వేయకూడదు. బార్ మీద చిన్న గీత పడ్డా అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. పైనున్న రంగు ఊడితే మళ్లీ వేసి, పళ్లకు గ్రీజు రాసి పెట్టండి.

### 6.3 కమాన్ కట్టలు

ఇరుసుకూ కట్టకూ మధ్య దిమ్మె వేయడం అందరికీ తెలిసిన పద్ధతి. 25–30 మి.మీ. దాకా ఫర్వాలేదు. దిమ్మె ఎత్తు పెరిగేకొద్దీ గ్యాస్ తొక్కినప్పుడు ఇరుసు మెలితిరిగే గుణం పెరుగుతుంది. అంతకన్నా దించాలంటే వంపు తగ్గించిన కట్టలు చేయించడమే సరైన దారి.

- దిమ్మెలు ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు.
- కట్ట మధ్య బోల్టు తల దిమ్మె రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే ఇరుసు జరుగుతుంది.
- పొడవైన కొత్త యూ-బోల్టులు వేయాలి. నాలుగు నట్లను ఎదురెదురుగా, సమంగా బిగించాలి.
- చదునైన కట్ట పొడవు పెరిగి షాకిల్ వెనక్కి వాలుతుంది. అది చాసిస్‌కు తగలకుండా చూడాలి.

ఒక పక్క 5–6 మి.మీ. తక్కువుంటే ముందు రెండు కట్టలను అటూ ఇటూ మార్చి చూడండి. తేడా కట్టతోపాటు పక్క మారితే కట్టదే లోపం.

### 6.4 మరలు లేని మామూలు స్ప్రింగులు

సీటు కింద ప్యాకర్లు వేసి సర్దడం ఒక్కటే మార్గం. ప్యాకర్ మందానికీ 6.1లో చెప్పిన నిష్పత్తి లెక్కే వర్తిస్తుంది. స్ప్రింగు తోక సీటు గాడిలో చివరిదాకా కూర్చుందో లేదో చేతితో తడిమి చూడండి. స్ప్రింగును గ్యాస్ మంటతో కాల్చి దించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఉక్కు పదును పోతుంది, ఆ తర్వాత అది దిగుతూనే ఉంటుంది, విరగొచ్చు కూడా.

## 7. కారు ఒరిగితే దోషం ఏ మూలది

ఎడమ ముందు మూల దిగి ఉందంటే అక్కడి స్ప్రింగే బలహీనమని కాదు. ఒక కోడు పొట్టిదైన మంచంలా, కుడి వెనక మూలలోని లోపం కూడా ఎడమ ముందును దించుతుంది. తిన్నగా ఆ మూలనే పైకి తిప్పితే ఎత్తు సరిపోతుంది గానీ బరువు తప్పుతుంది.

దోషం ముందుదా వెనకదా తేల్చడానికి ఇలా చేయండి:

1. సీట్ల మీది బరువులు తీసేయండి. బార్ లింకులు విప్పే ఉండాలి. వెనక చక్రాలకు హ్యాండ్‌బ్రేకు వేయొద్దు.
2. ముందు క్రాస్ మెంబర్ సరిగ్గా మధ్యలో సన్నని చెక్క దిమ్మె పెట్టి, జాకీతో ముందు చక్రాలు నేలను వదిలేదాకా మాత్రమే లేపండి. రెండు పక్కలా స్టాండ్లను బాడీకి తగలకుండా, రెండు అంగుళాల కిందగా ఉంచండి.
3. ఇప్పుడు కారు ముందు ఒక్క బిందువు మీద నిలిచింది. ఒరుగుడు వెనక సస్పెన్షన్ నిర్ణయిస్తుంది. వెనక రెండు పక్కలా కొలవండి.
4. ఇదే పని వెనక మధ్యలో లేపి, ముందు కొలవండి.

ముందును లేపినప్పుడు వెనక సమంగా నిలిచి, వెనకను లేపినప్పుడు ముందు 8 మి.మీ. తేడా చూపిస్తే సర్దుబాటు ముందు స్ప్రింగులకే కావాలి. తూకం యంత్రం లేనివాళ్లకు ఇంతకు మించిన పరీక్ష లేదు.

రోడ్డు కారుకు ఎడమ కుడి తేడా 5 మి.మీ. లోపు చాలు. ముందు భాగం వెనక కన్నా 5–15 మి.మీ. కిందగా ఉండటం మంచిది. వెనక కుంగిన కారుకు ముందు టైర్ల పట్టు తగ్గుతుంది, చూపుకూ బాగుండదు.

## 8. మూలల బరువు

తూకం యంత్రం ఉంటే డ్రైవరు బరువు తిరిగి పెట్టి తూయండి. ఒక ఉదాహరణ:

- ఎడమ ముందు 262, కుడి ముందు 236
- ఎడమ వెనక 242, కుడి వెనక 260
- మొత్తం 1000 కిలోలు

కుడి ముందు, ఎడమ వెనక కలిపితే 478. అంటే 47.8 శాతం. 50కి దగ్గరగా రావాలి.

ఒక మూలను పైకి తిప్పితే ఆ మూలకూ, దానికి ఐమూలగా ఉన్న మూలకూ బరువు పెరుగుతుంది. మిగతా రెండింటికీ తగ్గుతుంది. ఇక్కడ కుడి ముందు, ఎడమ వెనక అర చుట్టు పైకి, ఎడమ ముందు, కుడి వెనక అర చుట్టు కిందికి తిప్పాలి. మార్పును నాలుగు మూలలకూ పంచితే మీరు సెట్ చేసిన ఎత్తు చెడదు. ఒకే మూలలో రెండు చుట్లు తిప్పితే ఎత్తు పోతుంది.

ముందు వెనకల శాతం, ఎడమ కుడుల శాతం మాత్రం రింగులు తిప్పితే మారవు. బ్యాటరీ లాంటి బరువులను జరిపితేనే మారతాయి. రోడ్డు కారుకు 49 నుంచి 51 శాతం మధ్య వస్తే ఆపేయండి.

## 9. బిగించడం

కారు నాలుగు చక్రాల మీద, డ్రైవరు బరువుతో, సెట్ చేసిన ఎత్తులో ఉండగానే ఈ వరుసలో బిగించాలి.

1. ఆర్మ్‌ల బుష్ బోల్టులు, కమాన్ కన్ను బోల్టులు, షాకిళ్లు, షాక్ కన్ను బోల్టులు మాన్యువల్ టార్క్‌కు. కిందికి చెయ్యి అందకపోతే నాలుగు చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించి బిగించండి.
2. కాయిలోవర్ లాక్ రింగులు.
3. చివరగా యాంటీ రోల్ బార్ లింకులు. బోల్టు చేత్తో తోస్తే రంధ్రంలోకి దూరాలి. సుత్తి కావాల్సి వచ్చిందంటే బార్ మెలిపడి ఉంది. లింకు పొడవు సర్దండి, పొడవు మారని లింకైతే వాషర్లు వేయండి.

## 10. అలైన్‌మెంట్, దీపాలు, బ్రేకులు

వరుస: ముందు క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వాలు), తర్వాత క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), ఆఖరున టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం). ఎత్తు 5 మి.మీ. మారినా టో మారుతుంది కాబట్టి ఎత్తుకు ముందు అలైన్‌మెంట్ చేయిస్తే డబ్బు దండగ.

టై రాడ్డు (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ), లోయర్ ఆర్మ్ ముందు నుంచి చూస్తే దాదాపు సమాంతరంగా ఉండాలి. లేకపోతే గతుకులో స్టీరింగ్ దానంతటదే లాగుతుంది. చక్రాన్ని 25 మి.మీ. పైకి, 25 కిందికి కదిపి టో చూడండి. మార్పు 1 మి.మీ. దాటితే స్టీరింగ్ ర్యాక్ కింద షిమ్‌లు గానీ, టై రాడ్ ఎండ్ దగ్గర స్పేసర్లు గానీ కావాలి.

ముందు వెనకల వాలు మారింది గనక హెడ్‌లైట్లు మళ్లీ సర్దాలి. వెనక ఇరుసుకు కడ్డీతో కట్టిన బ్రేకు వాల్వు ఉన్న కారైతే దాన్ని కూడా సర్దండి. వెనక దిగిన కారును ఆ వాల్వు లోడెక్కిన కారుగా తీసుకుని వెనక చక్రాలకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. తడి రోడ్డు మీద అవే ముందు పట్టేస్తాయి.

## 11. తరచూ వచ్చే తప్పులు, దిద్దుబాటు

గతుకు దాటాక టక్కుమని శబ్దం. స్ప్రింగు సీటు వదిలి మళ్లీ కూర్చుంటోంది. హెల్పర్ స్ప్రింగు వేయండి.

గతుకులో దభీమని మోత. ఎవరో బంప్ స్టాప్ మొత్తం తీసేసి ఉంటారు, లేదా షాక్ అడుగంటుతోంది. స్టాపును కొంత కోసి పొట్టిది చేయొచ్చు, తీసేయకూడదు.

టైరు లోపలి అంచు అరుగుతోంది. అందరూ క్యాంబర్‌ను తిడతారు. ఎక్కువసార్లు కారణం టో. దించిన తర్వాత టో సర్దారా అని ముందు చూడండి.

గట్టిగా బ్రేకు వేస్తే ఒక ముందు చక్రమే పట్టేస్తోంది. బ్రేకులు బాగానే ఉంటే మూలల బరువు చూడండి. తేలికగా ఉన్న మూలే ముందు పట్టేస్తుంది.

కొలిచిన ప్రతిసారీ వేరే అంకె. 5వ అంచెలో చెప్పినట్టు కుదురుకోనివ్వలేదు, లేదా చక్రాలు గుర్తుల మీద లేవు.

## 12. 500 కిలోమీటర్ల తర్వాత

కొత్త స్ప్రింగులు కొద్దిగా దిగుతాయి. 5 మి.మీ. దాకా మామూలే, రెండు పక్కలా సమంగా దిగితే చాలు.

- నాలుగు మూలల ఎత్తు మళ్లీ కొలవండి. మొదటి కాగితం పక్కన పెట్టి చూడండి.
- యూ-బోల్టులు, లాక్ రింగులు, చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో సరిచూడండి.
- మడ్‌గార్డుల లోపలి వైపు, ఎగ్జాస్టు, సంప్ అడుగున కొత్త రాపిడి గుర్తులున్నాయేమో టార్చి వేసి చూడండి.
- బంప్ స్టాప్ కొన మీద నలిగిన మెరుపు కనిపిస్తే పైకి కదలిక చాలడం లేదు. ఆ ఇరుసు రెండు పక్కలా 5 మి.మీ. లేపి, టో మళ్లీ సర్దండి.